బల్లమీది దాడిలో బందీలు ఎక్కడ?

1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం వేశాడు. బొమ్మ సైనికులతో యుద్ధం ఆడడానికి నియమాల పుస్తకం అది. ఎవరి కోసం రాశాడో పేరు కిందే చెప్పాడు. పన్నెండేళ్ల నుంచి నూట యాభై ఏళ్ల దాకా మగపిల్లలందరి కోసం. మగపిల్లల ఆటలూ పుస్తకాలూ ఇష్టపడే, కాస్త తెలివి ఎక్కువైన ఆడపిల్లల కోసం కూడా. తలుపు పూర్తిగా మూయలేదు. కానీ లోపలికి వెళ్లాలంటే మిగతా ఆడపిల్లలకంటే తను వేరని ఒప్పుకోవాలి. ‘మగవాడిలా రాసింది’ అనే మెప్పు విన్న రచయిత్రులకు ఈ షరతు కొత్త కాదు.

అంతకు ఎనభై ఏడేళ్ల ముందు, 1826లో, యార్క్‌షైర్‌లోని బ్రాంటీ ఇంటికి పన్నెండు చెక్క సైనికులు వచ్చారు. తండ్రి వాళ్లను తెచ్చింది కొడుకు బ్రాన్‌వెల్ కోసం. అక్కచెల్లెళ్లు తలా ఒకటి తీసుకున్నారు. పదేళ్ల షార్లెట్ తన బొమ్మకు వెల్లింగ్టన్ ప్రభువు పేరు పెట్టుకుంది. గ్లాస్ టౌన్, ఆంగ్రియా అనే ఊహాలోకాలు ఆ ఆటలోంచి పుట్టాయి. ‘జేన్ ఐర్’ రాసిన చెయ్యి మొదట సైనికుడి బొమ్మను పట్టుకున్న చెయ్యే. కాబట్టి యుద్ధపు బొమ్మలు మగవాళ్ల సొత్తా కాదా అన్న చర్చతో నాకు పనిలేదు. బల్లమీద ఎవరికి బొమ్మ దక్కుతుంది, ఎవరు ఉత్త లెక్కగా మిగిలిపోతారు అన్నదే నా ప్రశ్న.

ఇంగ్లండులో ఒక క్లబ్బులో అయిదో శతాబ్దపు సాక్సన్ దాడి మీద అలాంటి ఆట ఆడాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. దానిమీద పూరిళ్లు, చిన్న ప్రార్థనాలయం, అడవి. 28 మిల్లీమీటర్ల బొమ్మలు. ఒక్కొక్క డాలు మీద రంగులకే సాయంత్రాలు ఖర్చయ్యాయని వాటి యజమానులు చెప్పారు. ఆరుగురం ఆటగాళ్లం, ముగ్గురు బ్రిటన్ల వైపు, ముగ్గురు సాక్సన్ల వైపు. ఒక అంపైర్. నేను సాక్సన్ని. ఇంటిదాకా చేరి, పాచికలు వేసి, కొల్లసొమ్ము దొరికితే దాన్ని మోసుకుంటూ మేం వచ్చిన అంచునుంచే బయటపడాలి. మోసే గుంపు నడక నెమ్మదిస్తుంది. ఎన్ని తెస్తే అన్ని పాయింట్లు.

ఆ కొల్లసొమ్ము ఒక అట్టబిళ్ల. దానికి రంగు లేదు. అందులో ఏముందని అడిగాను. “వెండి, పశువులు, మనుషులు, మీ ఇష్టం, ఏదైనా అనుకోండి” అన్నాడు అంపైర్.

ఆ ‘ఏదైనా’ దగ్గర నేను ఆగిపోయాను. అదే అయిదో శతాబ్దంలో సెయింట్ పాట్రిక్ రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. కొరోటికస్ అనే నాయకుడి సైనికులు, అప్పుడే బాప్తిస్మం పొందినవాళ్ల మీద పడి కొందరిని చంపి మిగిలినవాళ్లను ఎత్తుకుపోయారు. పట్టుకున్న ఆడవాళ్లను బహుమానాల్లా పంచుకున్నారని పాట్రిక్ మండిపడతాడు. ఈ దాడి చేసినవాళ్లు సాక్సన్లు కారు, పేరుకు క్రైస్తవులే. ఆయన కూడా పదహారేళ్ల వయసులో ఐరిష్ దోపిడీదారులకు చిక్కి బానిసగా బతికినవాడు. భాషలో కూడా గుర్తులున్నాయి. పాత ఇంగ్లీషులో ‘వెయల్హ్’ అంటే పరాయివాడు, బ్రిటన్ జాతివాడు. అదే మాటకు బానిస అనే అర్థం వచ్చింది. బానిస స్త్రీకి ‘విల్న్’ అనే మాట దాన్నుంచే పుట్టింది. నిఘంటువులో ఆమెకు ఒక మాట ఉంది. బల్లమీద బొమ్మ లేదు.

ఈ ఆట నవల చెయ్యలేని పని ఒకటి చేస్తుంది. నవల ఒక వీరుణ్ని మన ముందు నిలబెడుతుంది, మనం దూరంనుంచి తీర్పు చెబుతాం. ఇక్కడ ముగ్గురు దోపిడీదార్లు కూడబలుక్కోవాలి. “నువ్వు అడ్డం నిలబడు, బిళ్ల నేను మోస్తాను.” “పోయినసారి నువ్వే మోశావు.” ఎంతో మర్యాదగా, మధ్యలో టీ తాగుతూ, పాట్రిక్ తిట్టిన ఆ పంపకాన్నే మేం చేశాం. క్రూరత్వానికి కోపం అక్కర్లేదనీ, లెక్క సరిగా వస్తే చాలనీ నా చేతికి తెలిసింది. ఏ యుద్ధ కావ్యం చదివినప్పుడూ నాకది ఇంత దగ్గరగా తెలియలేదు.

ఒక ఆటగాడు న్యాయమైన మాటే అన్నాడు. బానిసలుగా పట్టుకుపోయే ఆడవాళ్ల బొమ్మలు పెడితే ఆడబుద్ధేస్తుందా? వదిలెయ్యడమే మర్యాద కదా? నిజమే. చిరిగిన బట్టలతో, భయపడే మొహంతో బొమ్మ చేస్తే అది ఇంకో రకం దోపిడీ అవుతుంది. దీనికి విరుగుడుగా ఇప్పుడు కత్తి పట్టిన స్త్రీల బొమ్మలు అమ్ముతున్నారు. అవి ఉండాల్సిందే. కానీ అవి వెల్స్ తలుపులోంచి వచ్చినవే. మగవాళ్ల పని చేసే ఆడదానికి బొమ్మ దొరుకుతుంది, ఎత్తుకుపోబడిన ఆడదానికి అట్టబిళ్లే.

రంగు కంటే నియమం ముఖ్యమని నాకు అనిపించింది. రెండోసారి ఆడినప్పుడు ఒక్క మార్పు అడిగాను. బిళ్ల మనిషైతే, ప్రతి వంతులో ఆ మనిషికీ ఒక పాచిక వెయ్యాలి. అయిదో ఆరో పడితే తప్పించుకుని అడవిలోకి పోతుంది. అంతే. సాక్సన్లు కాపలాకు మనుషుల్ని వదలాల్సి వచ్చింది. బ్రిటన్ల నాయకులకు డాళ్ల వరస చెక్కుచెదరకుండా నిలబడడం గౌరవం. ఇప్పుడు ఆ వరసను విడగొట్టి అడవి అంచుకు వెళ్లాలా వద్దా అని వాదించుకున్నారు. మొదటి ఆటలో ఆ ప్రశ్నే పుట్టలేదు. పాచిక ఆమెకు ముఖం ఇవ్వలేదు, ఇష్టం ఇచ్చింది.

దాడిని మగవాళ్ల కథగా చూడడం సాక్సన్ల చరిత్రకూ అన్యాయమే. 731లో పూర్తయిన బీడ్ చరిత్రలో వలసకు హెంగిస్ట్, హోర్సా అనే అన్నదమ్ములే నాయకులు. కానీ తూర్పు, దక్షిణ ఇంగ్లండు సమాధుల్లోని ఎముకల డీఎన్ఏ మీద 2022లో వచ్చిన పరిశోధన, సముద్రం దాటి వచ్చినవాళ్లలో స్త్రీలు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారని చూపించింది.

మన కావ్యాల్లోనూ దాడికీ బొమ్మలకూ ఒకచోట ముడి పడింది. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణానికి బయలుదేరే బృహన్నలను, ఓడినవాళ్ల బట్టలు తన బొమ్మల కోసం తెమ్మని ఉత్తర అడుగుతుంది. దాన్ని చిన్నపిల్ల ముద్దుమాటగా చదివాం, పాఠం చెప్పాం. అదే గెలుపులో ఆమె భవిష్యత్తు కూడా ఉంది. విరాటుడు ఆమెను అర్జునుడికి ఇవ్వజూపుతాడు, అర్జునుడు కోడలిగా స్వీకరిస్తాడు. కొల్లసొమ్ములో వాటా అడిగిన పిల్ల తానే ఒక వాటా అయింది. ఆమెకంటూ ఒక పాచిక ఉంటే ఆ పర్వం ఎలా ముగిసేదని మన తరగతి గదుల్లో అడగవచ్చు.