కరగడమూ క్షీణించడమూ: సౌందర్య సాధనాలలో కృత్రిమ పాలిమర్ల నిర్వచనంపై విమర్శ

సౌందర్య సాధనాలలోని కృత్రిమ పాలిమర్లను నియంత్రించడానికి ఐరోపా సంఘం 2023లో తెచ్చిన నిబంధన ఘన కణాలనే లక్ష్యంగా చేసుకున్నది. ముఖాన్ని రుద్ది శుభ్రపరిచే ప్లాస్టిక్ పూసలపై నిషేధం వెంటనే అమలైనది. పెదవుల, గోళ్ల రంగులకు మాత్రం 2035 వరకు గడువు లభించినది. గడువు సుదీర్ఘమే. అంతకన్నా చర్చించవలసినది నిర్వచనం. లీటరు నీటిలో 2 గ్రాములకు మించి కరిగే పాలిమర్లు ఈ నిబంధన పరిధిలోకి రావు. జుట్టును చెదరకుండా నిలిపే జెల్లులలోని పాలీవినైల్ పిరోలిడోన్‌కు ఆ విధంగా మినహాయింపు దక్కినది. అది నీటిలో సులువుగా కరుగుతుంది. కాని దాని కర్బన శృంఖల సూక్ష్మజీవులకు అంత సులువుగా లొంగదు. కరగడం వేరు, క్షీణించడం వేరు - పాఠశాల విద్యార్థికీ తెలిసిన భేదమే ఇది. జీవక్షయాన్ని పరీక్షించవలసిన చోట ద్రావణీయతతో సరిపెట్టడం ఈ నిర్వచనంలోని మౌలిక లోపం. పైగా, కరిగిన పాలిమర్‌ను మురుగునీటి నుండి వడకట్టడం ఘన పూసలను వడకట్టడం కన్నా కష్టం.