అవిలా తెరేసా ‘అంతరంగ దుర్గము’: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయము

మఠములలో జీవించిన స్త్రీల రచనలు సంసారములో ఉన్న విశ్వాసులకు పనికిరావను అభిప్రాయము మన సంఘములలో బలముగా ఉన్నది. సంస్కరణ వారసులముగా మఠ జీవితముపై మనకున్న అభ్యంతరములు నిరాధారమైనవి కావు. అయినను ఆ కారణముచేత అవిలా తెరేసా (1515–1582) గ్రంథమును ప్రక్కన పెట్టుట తగదని మేము భావించుచున్నాము. ఆమె తేల్చదలచిన ప్రశ్న మనది కూడ: ప్రార్థన నిజమైనదని దేనివలన తెలియును?

నేపథ్యము

తెరేసా స్పెయిను దేశపు కర్మెలీయ సన్యాసిని. 1562లో అవిలాలో సెయింట్ జోసెఫ్ మఠమును స్థాపించి తన సభను సంస్కరింప పూనుకొన్నది. 1577లో పెద్దల ఆజ్ఞపై, తోటి సన్యాసినుల కొరకు, వాడుక స్పానిష్ భాషలో ఈ గ్రంథమును వ్రాసినది. అప్పటికి ఆమె ఆత్మకథ ఇంక్విజిషన్ అధికారుల స్వాధీనములో ఉన్నది. 1970లో రోమను కథోలిక సంఘము ఆమెను సంఘ పండితురాలిగా ప్రకటించినది.

గ్రంథ విమర్శ

ఆత్మ స్ఫటికమువంటి దుర్గము; ప్రార్థన దాని ద్వారము; దేవుడు దాని మధ్య నివసించును. ఏడు నివాసముల గుండా సాగు ఈ ప్రయాణము మానవ ప్రయత్నముతో మెట్లెక్కుటవలె కనిపించవచ్చును. కాని నాలుగవ నివాసములో ఆమె రెండు నీటితొట్లను చూపించును. ఒకదానికి దూరమునుండి కాలువలు కట్టి నీరు తేవలెను. రెండవది ఊటమీదనే ఉండి తానే నిండును. లోతైన ప్రార్థన దేవుని ఉచితమైన వరమని దీని భావము. క్రియలనుబట్టి నీతి అను ఆరోపణకు ఇది తగిన జవాబు.

గ్రంథములోని అసలు లోపము మరియొకటి. మొత్తము 27 అధ్యాయములలో 11 అధ్యాయములు ఆరవ నివాసమునకే, అనగా దర్శనములకు, పరవశములకు పోయినవి. చదువరి అదే గమ్యమని పొరబడుటకు అవకాశమున్నది. అయితే పరిశుద్ధత అట్టి అనుభవములలో లేదని ఆమెయే హెచ్చరించుచున్నది. రోగియైన సహోదరికి సహాయము అవసరమైనయెడల భక్తిధ్యానమును విడిచి వెళ్లుమని ఐదవ నివాసములోనే చెప్పినది. ఏడవ నివాసములో మార్తయు మరియయు (లూకా 10:38-42) కలిసియే ప్రభువును చేర్చుకొనవలెనని, సత్క్రియలే ప్రార్థనకు ఫలమని ముగించినది. ఇది 1 యోహాను 4:20కి అనుగుణమైన కొలత.

అన్వయము

మన ఉపవాస కూటములలో దర్శనములు చెప్పువారికి వేదికపై స్థానము దొరకుచున్నది. మంచముపట్టిన అత్తగారిని విడిచి కూటమునకు రాలేని సహోదరి మాత్రము ‘ఆత్మలో చల్లారిపోయినది’ అని మాట పడుచున్నది. తెరేసా కొలతనుబట్టి ఈ తీర్పు తలక్రిందులైనది. అయితే ఈ బోధను సేవాభారమంతయు స్త్రీలపై మోపుటకు సాకుగా వాడుకొనరాదు. ఆమె స్త్రీల కొరకు వ్రాసినను, ఆ కొలతకు ముందుగా నిలువవలసినది ప్రార్థనను గూర్చి బోధించు కాపరులమైన మనమే.