బీరువాలో ఫ్లాపీలుంటే పారేయకండి

నర్సీపట్నంలాంటి ఊళ్లలో 1990లలో కంప్యూటర్ నేర్చుకోవడమంటే డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాలు కంఠతా పట్టడమే. టైపులో లోయరూ హయ్యరూ పాసైన పిల్లలు ఆ వేళ్లతోనే వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ పట్టారు. నల్లటి తెర, మిణుకుమనే కర్సర్, చేతిలో ఓ ఫ్లాపీ. కాలం చెల్లిన వ్యవహారమని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ విద్యతో ఈరోజు కూడా పని ఉంది.

హార్డ్‌డిస్క్ లేని పీసీలో డాస్ ఫ్లాపీ ‘ఏ’ డ్రైవ్‌లో పెట్టి స్విచ్ వేయాలి. మన ఫైళ్ల ఫ్లాపీ ‘బీ’ డ్రైవ్‌లో. ‘డిర్’ అని కొడితే జాబితా వస్తుంది. ‘కాపీ’ అని కొట్టేముందు ఏ ఫైలు, ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది మనసులో తేల్చుకోవాలి. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తర్వాత మరో మూడు. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ఏ ఫ్లాపీలో ఏముందో నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేవారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడం అలా అలవాటైంది.

ఫ్లాపీలో ఎంత పడుతుందో దానికీ లెక్క ఉంది. మామూలు అయిదుంబావు అంగుళాల ఫ్లాపీకి రెండు వైపులా 40 చొప్పున ట్రాకులు, ఒక్కో ట్రాకులో 9 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 360 కేబీ. మూడున్నర అంగుళాలదానిలో ట్రాకులు 80, సెక్టార్లు 18. అదే 1.44 ఎంబీ.

ఫైలును చెరిపేసినప్పుడు జరిగేది ఇంకా ఆసక్తికరం. డాస్ ఆ ఫైలు పేరులో మొదటి అక్షరాన్ని మాత్రం మార్చి, అది ఉన్న చోటు ఖాళీ అని పట్టికలో రాసుకుంటుంది. రాత ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా. 1991లో వచ్చిన డాస్ 5లోని ‘అన్‌డిలీట్’ ఈ కిటుకు మీదే నడిచింది. పాత ఫ్లాపీ చదవనంటే ఫార్మాట్ చేయొద్దని చెప్పేదీ ఇందుకే.

ఆ ఫ్లాపీల్లో తెలుగు కూడా ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీడాక్ సంస్థ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డును పీసీలో బిగిస్తే డాస్ తెర మీదే తెలుగు అక్షరాలు కనిపించేవి. ఆ రాత భారతీయ లిపుల కోసం చేసిన ఇస్కీ సంకేతాల్లో ఉండేది. యూనికోడ్‌లో మన అక్షరాల వరుస ఇస్కీ నుంచే వచ్చింది కాబట్టి, ఆ ఫైళ్లను ఇప్పటి తెలుగులోకి మార్చడం పెద్ద కష్టం కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ మరో దారి తొక్కారు. రోమన్ అక్షరాల్లో రాసిన ఫైలును తెలుగు అచ్చుగా మార్చే ఉపకరణం చేశారు. రోమన్ అక్షరాల్లో తెలుగు రాయడానికి వాళ్లు పెట్టిన ఆర్టీఎస్ పద్ధతే తర్వాత లేఖిని అనే తెలుగు టైపింగ్ ఉపకరణానికీ ఆధారమైంది. ఇవాళ ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొడుతున్న చాలామంది వేళ్ల వెనుక వాళ్ల కృషి ఉంది.

ఏజెన్సీ కొండల అంచున ఉన్న మా ప్రాంతంలో ముసురు పట్టిందంటే బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. ఫ్లాపీ లోపలి పలచటి పళ్లేనికీ అదే గతి. బూజు పట్టినదాన్ని డ్రైవ్‌లో పెడితే అదీ చెడుతుంది, డ్రైవ్ హెడ్డూ పాడవుతుంది. సోనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. డ్రైవ్‌లు కూడా ఏటా తగ్గిపోతున్నాయి.

అందుకే ఫ్లాపీల్లో ఉన్నది ఇప్పుడే దించుకోవాలి. ముందు వాటిలో కొత్తగా ఏమీ రాయకుండా అడ్డుకట్ట వేయండి. అయిదుంబావు అంగుళాలదానికి పక్కనున్న గాడి మీద టేపు అంటించాలి. మూడున్నర అంగుళాలదానికి మూలనున్న బిళ్లను జరిపి కన్నం తెరవాలి. రెండింటికీ పద్ధతి తలకిందులు, మరిచిపోవద్దు. మూడున్నర అంగుళాలవాటికి యూఎస్‌బీ డ్రైవ్ సరిపోతుంది. లినక్స్ టెర్మినల్‌లో ‘డీడీ’ ఆదేశంతో మొత్తం ఫ్లాపీని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా దించుకోవచ్చు. అయిదుంబావు అంగుళాలవాటికి పాత డ్రైవ్‌తోపాటు గ్రీజ్‌వీజిల్‌లాంటి చిన్న బోర్డు కావాలి. ఆనాడు డాస్ నేర్చినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. వాళ్లను పిలవండి, పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి, వచ్చే వానాకాలం లోపే ఆ పని ముగించండి.