దారిలో అల్లిన కాలానికి

ఊలుపోగూ, నీకు దణ్ణం. రోజూ రైలెక్కి ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాళ్ళ ప్రయాణం ఎవరి లెక్కలోకీ రాదు. ఆఫీసు దాన్ని పనిగంటల్లో కలపదు. ఇల్లు దాన్ని విశ్రాంతిగా ఒప్పుకోదు. ఇటూ అటూ కాకుండా పోయే ఆ పొద్దును నువ్వు చేరదీశావు.

2018లో మ్యూనిక్‌కి రోజూ రైల్లో వెళ్ళే ఒకామె మఫ్లర్ కోసం నిన్ను సూదులకెక్కించింది. రోజుకు రెండు వరసలు. ఆలస్యం ఐదు నిమిషాల లోపైతే బూడిదరంగు. ఐదు నుంచి ముప్పై దాకా అయితే గులాబీ. అరగంట దాటినా, పోనూ రానూ రెండుసార్లూ ఆలస్యమైనా ఎరుపు. ముందుగా గీసుకున్న నమూనా ఏదీ లేదు. రేపటి రంగేదో రేపటి బండే చెప్పాలి. ఏడాది పొడవునా బండి చెప్పింది, ఆమె అల్లింది.

ఎంత నిజాయితీ ఆ చేతులది! ఎరుపు కంటికి ఎక్కువైందని ఒక్క వరస తగ్గించలేదు, గులాబీ బావుందని ఒక్క వరస పెంచలేదు. వేసవిలో పట్టాల పనులు జరిగి, రైలుకు బదులు బస్సులెక్కాల్సి వచ్చిన వారాల్లో మఫ్లర్ మీద ఎరుపు దట్టంగా పరుచుకుంది. జర్మన్ భాష ఒక్క ముక్క రానివాళ్ళకు కూడా అక్కడ వేలు ఆగుతుంది. ఎన్ని ఫిర్యాదులు రాసినా ఇంత సూటిగా చెప్పలేవని నా నమ్మకం.

ఆమె కూతురు ఆ మఫ్లర్ ఫొటోను ట్విట్టర్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో అందులో తమ పొద్దుటిపూటల్ని పోల్చుకున్నారు. 2019 జనవరిలో ఈబే వేలంలో ఆ మఫ్లర్ 7,550 యూరోలు పలికింది. ఆ డబ్బు స్టేషన్లలో దిక్కుతోచనివాళ్ళకు సాయపడే సేవాసంస్థకు చేరింది. ప్లాట్‌ఫారాల మీద కరిగిన గంటలు ప్లాట్‌ఫారాల మీదే ఎవరికో ఆసరా అయ్యాయి.

లండన్‌లో డిజైనర్ ఎనిడ్ మార్క్స్‌కీ ఓ దణ్ణం. 1937లో ఆమెను భూగర్భ రైళ్ళ సీట్లకు బట్ట డిజైన్ చెయ్యమని అడిగారు. దాన్ని మోకెట్ అంటారు, నూగుతో దట్టంగా ఉండే నేత. ఎంతమంది కూర్చున్నా అరగకూడదు, మాసినా మాసినట్టు కనపడకూడదు. అలసి వచ్చి కూలబడే ఒంటికి అంత మంచి డిజైన్ దక్కాలని ఎవరికో తోచినందుకు నాకు ఇప్పటికీ సంతోషం.

ఇక మన హైదరాబాద్‌లోని లింగంపల్లి బండి. 2003లో మొదలైన ఈ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆడవాళ్ళ పెట్టెలో, చిక్కుడుకాయల ఈనెలు తీసే చేతుల పక్కన, అప్పుడప్పుడూ ఓ క్రోషే కొక్కెం కదులుతూ ఉంటుంది. ఉండ ఒళ్ళోని సంచిలో, పోగు చూపుడువేలి మీద, చూపు కిటికీలోంచి హుసేన్‌సాగర్ మీద. అలవాటైన చేతికి కన్ను అక్కర్లేదు. కొక్కెం లూపులో దూరుతుంది, పోగందుకుని వెనక్కి వస్తుంది. బేగంపేట దాటాక పెట్టె ఓ కుదుపు కుదిపితే ఆ ఒక్క కుట్టు బిగుసుకుంటుంది. జనం తోసుకుని ఎక్కినప్పుడు మరోటి వదులవుతుంది. అల్లిక పూర్తయ్యాక వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే అవి రెండూ కనిపిస్తాయి, ఒకటి చిన్న కన్నంగా, ఒకటి పెద్ద కన్నంగా. ఇంటికెళ్ళి వాటిని విప్పేసి సరిచేసేవాళ్ళుంటారు. వద్దని బతిమాలాలనిపిస్తుంది నాకు. మిషన్ మీద ఎంత తీరైన అల్లికైనా వస్తుంది కానీ, బేగంపేట కుదుపు రాదు.

అక్కా, మీకొక్క విన్నపం. మీరల్లే బల్లగుడ్డ పూర్తయిన రోజున అంచుకు ఇంకో వరస కలపండి. దానిమీద ఎర్రపోగుతో ఏడాది కుట్టండి, ఎక్కిన స్టేషన్ పేరూ దిగిన స్టేషన్ పేరూ కుట్టండి. ఆ గుడ్డ మీ మనవరాలి ఇంటికి చేరేనాటికి బండి వేళలు మారిపోతాయి. మీరు ఏ బండిలో, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అల్లారో ఆ పిల్లకు తెలియాలి.