అరిసెలకూ ధ్రువపత్రానికీ మధ్య: పూర్వబాల్య సంరక్షణ పథకాల తెలుగుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆరేళ్ళలోపు పిల్లల ఎదుగుదలను, వారిలో తలెత్తే వైకల్యాలను గుర్తించడానికి ప్రభుత్వ పథకాలు అనేకం ఉన్నాయి. అవి తల్లిదండ్రులను చేరేది భాష ద్వారానే. ఈ పథకాలు తెలుగులో వాడే మాటలను, తెలుగు కుటుంబాలు పిల్లల ఎదుగుదలను చెప్పుకొనే మాటలతో పోల్చి, రెండింటి బలాలను, లోపాలను చిల్లకూరు మండలం నేపథ్యంలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంగన్‌వాడీ, పూర్వబాల్యం, వైకల్యం, సదరం, పరిభాష, జానపద ఆచారాలు, చిల్లకూరు.

1. ప్రవేశిక

చిల్లకూరు గూడూరును ఆనుకొని ఉన్న తీరప్రాంత మండలం. వరిపొలాలు, రొయ్యల చెరువులు, సిలికా ఇసుక తవ్వకాలు, తమ్మినపట్నం పరిసరాల్లోని థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఇక్కడి బతుకుతెరువును నిర్ణయిస్తున్నాయి. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. చిల్లకూరుకు నెల్లూరు దగ్గర. తిరుపతి అంతకు రెండింతలకు పైగా దూరం. ఆ మార్పుతో ‘జిల్లా స్థాయి సేవ’ అనే మాటకు ఇక్కడి తల్లి దృష్టిలో అర్థమే మారిపోయింది. కూలికి వెళ్ళే తల్లికి బిడ్డ ఎదుగుదల గురించి అడగడానికి దగ్గరలో ఉండే ప్రభుత్వ మనిషి అంగన్‌వాడీ టీచరు. ఆ టీచరు చేతిలోని పుస్తకాలు, కార్డులు, ఫోను ఏ భాషలో మాట్లాడుతున్నాయన్నది అందువల్ల పరిభాషా సమస్యతో ఆగిపోదు. బిడ్డ భవిష్యత్తు దానితో ముడిపడి ఉంది.

2. పథకాల క్రమం, వయసుల మధ్య ఖాళీ

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై వైద్యానికి పంపడం, పోషకాహార-ఆరోగ్య విద్య, పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలను అది ఒకే గూటికి చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించే సంచార వైద్య బృందాలను ఏర్పాటు చేసింది. ఈ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. పిల్లలందరినీ కనీసం ఏడాదికి ఒకసారి పరీక్షించాలని నిర్దేశించింది. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ దివ్యాంగ బాలల కోసం ప్రత్యేక అంగన్‌వాడీ విధానపత్రాన్ని విడుదల చేసింది. తొలి లక్షణాలను గుర్తించడం, బిడ్డను కేంద్రంలో కలుపుకొని కుటుంబానికి ధైర్యమివ్వడం, వైద్యసేవలకు పంపడం అందులోని మూడు మెట్లు.

ఈ క్రమంలో ఒక ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వారికి వర్తిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చే ఉచిత విద్యాహక్కు 6 నుంచి 18 ఏళ్ళ వారికి. రాజ్యాంగంలోని 45వ అధికరణ ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణను ఆదేశిక సూత్రంగానే ఉంచింది. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు తోడ్పడే భవిత కేంద్రాలు కూడా సమగ్ర శిక్షలో, అంటే బడి వ్యవస్థలో, భాగం. మెదడు వేగంగా ఎదిగే ఆరేళ్ళలోపు కాలంలో హక్కు బలహీనంగా ఉంది. ఆ లోటును పూడ్చవలసిన భారమంతా గుర్తింపు మీద పడింది. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆరేళ్ళలోపు వయసులో వైకల్యం ఉన్నట్లు నమోదైన పిల్లలు 20.42 లక్షల మంది. గుర్తింపు జరగాలంటే ముందుగా దానికి తగిన మాట కావాలి.

3. పేర్ల మార్పు

తెలుగులో ఈ పిల్లలకు అధికార భాష పెట్టిన పేర్లు తరచూ మారుతూ వచ్చాయి. ‘వికలాంగులు’ అనే మాట లోపాన్ని చెప్పింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన ‘దివ్యాంగ్’ అనే హిందీ మాట ‘దివ్యాంగులు’గా తెలుగులోకి వచ్చింది. రాష్ట్ర సంక్షేమ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ చేరింది. మొదటి మాట అవయవాన్ని తక్కువ చేస్తే రెండవది దైవాన్ని, మూడవది ప్రతిభను తెచ్చి కప్పింది. ‘దివ్యాంగ్’ అనే పదం వివాదాస్పదంగానే ఉందని ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల కమిటీ 2019లో భారతదేశంపై ఇచ్చిన పరిశీలనల్లో పేర్కొంది.

గౌరవవాచకం అవసరమే. కుంటి, గుడ్డి, మూగ అనే మాటలను మనుషుల పేర్ల ముందు చేర్చి పిలిచే అలవాటు ఉన్న సమాజంలో ఆ అవసరాన్ని కాదనలేం. కానీ ఈ మూడు అధికార పదాలూ పెద్దవారిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవే. పది నెలల బిడ్డకు మెడ నిలవకపోతే ఆ బిడ్డ వికలాంగుడూ కాడు, విభిన్న ప్రతిభావంతుడూ కాడు. ఆ దశలో చెప్పదగినది ఒక్కటే: ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తున్నది, కారణం తెలుసుకోవాలి. ముద్రగా మారకుండానే హెచ్చరించే ఇటువంటి మాటను ఈ పేర్లేవీ ఇవ్వలేకపోయాయి.

4. ‘సదరం’: శాతాల భాష

ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యానికి సంబంధించి ప్రజల నోళ్ళలో నిజంగా నిలిచిన ప్రభుత్వ పదం ‘సదరం’. వైకల్య నిర్ధారణ కోసం రూపొందించిన ఒక సాఫ్ట్‌వేర్ ఆంగ్ల నామానికి ఇది సంక్షిప్త రూపం. ‘సదరు’ వంటి కచేరీ మాటల పక్కన ఒదిగిపోయే ధ్వని ఉండటంతో అది సహజంగా తెలుగైపోయింది. సదరం శిబిరం, సదరం పత్రం, సదరం శాతం అనే సమాసాలు పల్లెల్లో అందరికీ తెలుసు. 40 శాతం లేదా అంతకు మించి ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛనును 6,000 రూపాయలకు పెంచింది. పేద కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

అయితే ఈ పదం సాధించిన విజయమే ఒక సమస్యను తెచ్చింది. వైకల్యమంటే శాతం, శాతమంటే పత్రం, పత్రమంటే పింఛను అనే అర్థపరంపర స్థిరపడింది. శాతం చెప్పలేని దశలో ఉన్న పసిబిడ్డ ఈ పరంపరకు వెలుపల ఉండిపోతుంది. తేలికపాటి సాయంతో ఎదుగుదల మెరుగుపడే అవకాశం ఉన్నది సరిగ్గా ఆ దశలోనే. పత్రం వచ్చే దాకా ఆగడం అంటే ఆ అవకాశాన్ని వదులుకోవడమే.

5. ఇంటి కొలత

అధికార భాషలో లేని మాట తెలుగు ఇళ్ళలో ఉంది. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు పంచే ఆచారం అందరికీ తెలిసినదే. దీన్ని వేడుకగానే చూడడం జరిగింది. మాతా శిశు సంరక్షణ కార్డులో ముద్రించే ఎదుగుదల మైలురాళ్ళతో పోల్చి చూస్తే దీని వరుస ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండు మూడు నెలల్లో మనిషిని చూసి నవ్వడం, అయిదారు నెలలకు బోర్లా పడటం, తరవాత పాకుతూ గడప దాటడం, ఏడాదికి అటూఇటూగా అడుగులు, పలుకులు. మానసిక స్పందన, శరీర చలనం, భాష అనే మూడు వికాస రంగాలూ ఇందులో ఉన్నాయి.

ఈ పలుకుబళ్ళ నిర్మాణం కూడా గమనింపదగినది. న-ను, బో-బొ, గ-గా, అ-అ అని ఆద్యక్షర మైత్రి ఘట్టాన్నీ వంటకాన్నీ జతచేసి జ్ఞాపకం ఉంచుతుంది. పలుకుల దగ్గర మాత్రం ఆ నియమం తప్పుతుంది. అక్కడ అంత్యప్రాసతో పంచదార చిలక వచ్చి చేరింది. మాట నేర్చేది చిలక కనుక అర్థమే అక్షరాన్ని గెలిచింది. చదువురాని అవ్వ కూడా తప్పులేకుండా వరుసగా చెప్పగలిగిన వికాసపట్టిక ఇది.

6. ఇంటి కొలతకు ఉన్న పరిమితులు

ఈ ఆచారాన్ని కీర్తించి ఊరుకోవడం సరికాదు. దీనిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఇది జరిగినదాన్ని పండగ చేస్తుంది, జరగనిదాని గురించి మౌనంగా ఉంటుంది. అడుగులు వేసిన బిడ్డకు అరిసెలున్నాయి. రెండేళ్ళు వచ్చినా నిలబడని బిడ్డ ఇంట్లో పాకం పట్టరు, అంతే. ఎందుకు పట్టలేదని ఎవరూ అడగరు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’, ‘వాళ్ళ నాయనకూ ఇట్లాగే వచ్చాయి’ అనే ఓదార్పులు ఆ మౌనాన్ని నింపుతాయి. తల్లికి ధైర్యమిచ్చే ఆ మాటలే బిడ్డకు విలువైన నెలలను దూరం చేస్తాయి.

రెండవది, ఈ ఆచారం బియ్యం, బెల్లం, నూనె ఉన్న ఇళ్ళది. ఒకనాటి నెల్లూరు జిల్లాలో అధికసంఖ్యాక గిరిజనులైన యానాదులు చిల్లకూరు ప్రాంతంలోనూ ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య వారి జీవితంపై 1962లో ఒక గ్రంథమే ప్రచురించారు. చెరువుల కాపలాకో కూలికో కుటుంబమంతా తరలిపోయే యానాది ఇంట, వేటకు వెళ్ళే తీరపు ఇంట, బిడ్డ ఎదుగుదలను చెప్పుకొనే మాటలు ఇవే కానక్కరలేదు. అరిసెల వరుసను తెలుగువారందరి కొలతగా భావిస్తే అధికార పరిభాష చేసిన పొరపాటే మరో రూపంలో జరుగుతుంది.

7. ‘మూగ’, ‘జోక్యం’: రెండు మాటల మూల్యం

మాట వల్ల జరిగే నష్టానికి వినికిడి లోపం స్పష్టమైన ఉదాహరణ. మాటలు రాని బిడ్డను వాడుకలో ‘మూగ’ అంటారు. ఈ మాట లోపాన్ని నోటికి అంటగడుతుంది. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు స్వరపేటిక బాగానే ఉండవచ్చు, మాట చెవిన పడకపోవడం వల్లనే పలుకు రాదు. చెవిని ఎవరూ అనుమానించకపోవడంతో పరీక్ష ఆలస్యమవుతుంది. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు కేంద్రప్రభుత్వ అడిప్ పథకం కాక్లియర్ ఇంప్లాంట్ సాయాన్ని అయిదేళ్ళలోపు వారికే ఇస్తుంది. మెదడు భాషను సులువుగా పట్టుకొనే కాలం కూడా అదే. ‘మూగ’ అని సరిపెట్టుకొన్న ప్రతి సంవత్సరం ఆ గడువులో తరిగిపోతుంది. ‘పిలిస్తే తిరిగి చూస్తాడా?’ అనే ఇంటి ప్రశ్న ఏ పారిభాషిక పదం కన్నా ముందుగా చెవి దగ్గరకు చేరుస్తుంది.

అధికార అనువాదాలు కూడా ఇలాంటి నష్టమే చేస్తున్నాయి. పసితనంలోనే అందించే చికిత్స, శిక్షణలను ‘ముందస్తు జోక్యం’ అని అనువదిస్తున్నారు. తెలుగులో జోక్యమంటే అడగకుండా ఇతరుల వ్యవహారంలో తలదూర్చడం. బిడ్డను కేంద్రానికి తీసుకురమ్మని చెప్పే కార్యక్రమం తన పేరులోనే తల్లికి ఎడం కలిగిస్తున్నది. ‘తొలిసాయం’ వంటి సుళువైన మాట ఆ పనిని నిస్సందేహంగా చేయగలదు. మూలభాషలోని పదానికి నిఘంటువులో సమానపదం దొరకడంతో అనువాదం పూర్తికాదు. ఆ పదం ఎవరితో, ఎప్పుడు మాట్లాడుతుందో కూడా చూడాలి.

8. ముగింపు

ఇంటి కొలతకు ఏది ఎప్పుడు సంతోషించవలసినదో తెలుసు, ఎప్పుడు ఆందోళన పడాలో తెలియదు. ప్రభుత్వ కొలతకు గడువు తెలుసు, ఆ గడువును తల్లి చెవికి ఎక్కించే మాట తెలియదు. ఈ రెండింటినీ కలపడం కష్టమైన పని కాదు. సంరక్షణ కార్డులో ప్రతి ఘట్టాన్నీ ‘బోర్లా పడటం’, ‘గడప దాటడం’, ‘తప్పటడుగులు’, ‘అత్త, తాత అనడం’ వంటి మాటలతో రాసి, ఏ నెల దాటితే టీచరుకు చెప్పాలో పక్కనే ఇవ్వాలి. శాతం తేలేదాకా బిడ్డకు ఏ పేరూ పెట్టకుండా ‘ఆలస్యం’ అని మాత్రమే నమోదు చేయాలి. నెల్లూరు సీమలో పిల్లలను ‘పిల్లకాయలు’ అంటారు. కరపత్రం ఆ మాటతో మొదలైతే దాని గౌరవానికి లోటేమీ రాదు.

యానాది, మత్స్యకార కుటుంబాల్లో ఈ ఘట్టాలను ఏమంటారో సేకరించడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. జానపద విజ్ఞానం ఇప్పటిదాకా పాటలను, ఆటలను సేకరించినంత శ్రద్ధగా బిడ్డ పెరగడం ఆలస్యమైనప్పుడు ఇంట్లో నడిచే మాటలను సేకరించలేదు. ఆ మాటలు పుస్తకాల్లోకి వస్తే పరిశోధనకు లాభం. అంగన్‌వాడీ గోడమీదికి వస్తే, పిలిస్తే తిరిగి చూడని బిడ్డ అయిదేళ్ళు దాటకముందే వైద్యుడి దగ్గరకు చేరుతుంది.