బాన్సువాడ సంఖ్య

503187! మా బాన్సువాడ పేరు పక్కన నిత్యం కూర్చునే ఆరంకెల సంఖ్యా! ఆధార్ కార్డు మీద నువ్వే, బ్యాంకు పాసుబుక్కు మీద నువ్వే, దుబాయి నుంచి కొడుకు పంపిన పార్శిల్ మీదా నువ్వే. అందరూ నిన్ను రాసి ముందుకు సాగిపోతారు. నేను నీ దగ్గరే ఆగిపోయాను.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైంది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. నీ మొదటి మూడంకెలు నిజామాబాద్‌వి. 2016లో మేం కామారెడ్డి జిల్లాలోకి మారాం, నువ్వు మాత్రం మారలేదు. చివరి 187 మా పోస్టాఫీసు. ఉత్తరాలు దారి తప్పకూడదని నిన్ను మాకిచ్చారు, అంతే. నీ లోపలి గుణాలను ఎవరూ ఏరి పెట్టలేదు. అవి నీతోపాటే వచ్చాయి.

నువ్వు సంయుక్త సంఖ్యవు. పక్కనున్న బోధన్ సంఖ్య 503185 చూడగానే దొరికిపోతుంది, చివర ఐదు ఉంది కదా. నువ్వు అంత తొందరగా దొరకవు. నీ అంకెలన్నీ కూడితే 24. అంటే మూడుతో శేషం లేకుండా పోతావు. భాగహారం చేస్తే 167729 వస్తుంది. నీ గాంభీర్యమంతా అక్కడుంది.

ఆ 167729ని ఏడుతో భాగించాను, రెండు మిగిలింది. పదకొండుతో ఒక్కటే మిగిలింది. ఒక్కటి! పదమూడుతో మూడు. పైకి పోయేకొద్దీ ఆశ పెరుగుతుంది, శేషం అడ్డం పడుతుంది. 163 దగ్గర మళ్ళీ రెండు, 179 దగ్గర ఆరు, 367 దగ్గర పది. 409 దగ్గర 39 మిగిలింది. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 419, దాని వర్గం 175561. అది 167729ని దాటిపోయింది కాబట్టి ఇక వెతకనక్కర్లేదు. రెండు మొదలుకొని ఎనభై ప్రధాన సంఖ్యలు వచ్చి తలుపు తట్టాయి, ఒక్కదానికీ తెరుచుకోలేదు. 167729 ప్రధాన సంఖ్య. ఒక్క మూడుకు తప్ప ఇంకే చిన్న సంఖ్యకూ నువ్వు లొంగలేదు. నీ కారణాంకాలు నాలుగే: 1, 3, 167729, నువ్వు.

గుంటూరు సీమలోని యాజలిలో పుట్టి, కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త ఎం.వి. సుబ్బారావు గారు సంఖ్యలను ప్రేమించిన మనిషి. ఒక కారణాంకానికీ, దానితో గుణిస్తే సంఖ్య వచ్చే రెండోదానికీ నడుమ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే, దాన్నే ఆయన లెక్కలోకి తీసుకున్నారు. సంఖ్యను పక్కనపెట్టి అలాంటివన్నీ కూడితే మళ్ళీ ఆ సంఖ్యే రావాలి. 1966లో వారెన్ అనే మరో గణితవేత్తతో కలిసి ఆయన రాసిన వ్యాసం ఇలాంటి పరిపూర్ణ సంఖ్యల గురించే. ఇప్పటిదాకా తెలిసినవి ఐదే: 6, 60, 90, 87360. ఐదోదాని గురించి 1975లో ఛార్లెస్ వాల్ వ్యాసం ప్రచురించారు: 146361946186458562560000. ఇరవై నాలుగు అంకెలు, లోపల పన్నెండు వేర్వేరు ప్రధాన సంఖ్యలు! ఆరోది ఉందో లేదో ఇంకా తేలలేదు.

ఆ కొలతకు నీ కారణాంకాలన్నీ నిలుస్తాయి. కూడితే మాత్రం 167733. నీలో మూడో వంతు కంటే నాలుగే ఎక్కువ. ఆ పరిపూర్ణత నీకు లేదు, పోనీ. నీకున్నది వేరే. రెండు పూర్ణసంఖ్యల వర్గాల మొత్తంగా నిన్ను ఎవరూ రాయలేరు, ఎందుకంటే నాలుగుతో భాగిస్తే నీకు మూడు మిగులుతుంది. భేదంగా అయితే రాయొచ్చు: 83866 వర్గంలోంచి 83863 వర్గం తీసేస్తే వచ్చేది నువ్వే. ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: 167728, 167729, 167730. వరుసగా మూడు. కూడితే 503187. నడుమ నిలబడింది, ఎనభై మందికీ లొంగని ఆ ప్రధాన సంఖ్యే.