ఫరీదాబాద్‌లో తెలుగు పాఠం

‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమంలో హర్యానాకు జోడీ రాష్ట్రం తెలంగాణ. ఒకరి భాషలో ఇంకొకరు నాలుగు మాటలు నేర్వాలన్నది అందులో ఒక ఉద్దేశం. 2018లో ఎన్‌సీఈఆర్‌టీ ‘భాషా సంగమ్’ పేరుతో 22 భాషల్లో ఐదేసి వాక్యాలు బడులకు అందించింది. ఐదు వాక్యాలు బట్టీపడితే ఉదయం ప్రార్థన దగ్గర ఒప్పజెప్పొచ్చు. ఎదుటివాళ్లు తిరిగి ఏదైనా అడిగితే మాత్రం నోరు పెగలదు. ఆ లోటు తీరాలంటే పాఠాన్ని ముందే పకడ్బందీగా వేసుకోవాలి.

తెలుగునాట దీనికి పాత దారి ఒకటుంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. తర్వాత అందులో వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. తెలుగు చదువూ వాడుక మాటతోనే సాగాలని పోరాడారు. పిల్లవాడికి వచ్చినదాని మీద కొత్తది నిలబెట్టడమే ఆయన పద్ధతి.

హర్యానాలోని ఫరీదాబాద్ పిల్లవాడికి వచ్చినది తక్కువేం కాదు. హిందీలోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది. ‘ముఝే భూఖ్ లగీ హై’ అనే నోటికి ‘నాకు ఆకలేస్తోంది’ కొత్తగా అనిపించదు. అక్షరాల వరసా దాదాపు ఒకటే. హర్యాణ్వీ మాట్లాడే ఇళ్లలో ‘ళ’ ఉంది కాబట్టి ‘నీళ్లు’ తేలిగ్గా పలుకుతుంది. పైగా అబ్బాయైనా అమ్మాయైనా ‘వెళ్తున్నాను’ అంటే చాలు.

చిక్కు వేరేచోట ఉంది. హిందీలో హ్రస్వ ఎ, ఒలకు విడిగా అక్షరాలు లేవు. అందుకే ‘మెడ’ అనబోయి ‘మేడ’ అంటారు. టీచరు ఒక మాట పలకగానే పిల్లలు మెడ పట్టుకోవాలి, లేదా పైకి చూపించాలి. రెండు నిమిషాల ఈ ఆట ముందు చెవిని సరిచేస్తుంది, ఆపైన నోటిని.

రాత దగ్గర అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించనక్కర్లేదు. గ, ద, న, ర, ల, వ, మ ముందు చెప్తే ఆ రోజే గద, నగ, వల, మర చదివేస్తారు. ఒత్తులకు అమ్మ, అక్క, అన్న, అత్త చాలు. మ, క, న, త ఒత్తులకు అసలు అక్షరాలతో పోలిక తక్కువ కనుక వాటిని విడిగా నేర్పాల్సిందే. దేవనాగరిలో మొదటి హల్లు సగమవుతుంది, తెలుగులో రెండోది కిందికి దిగుతుంది. ఈ తేడాను బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే సగం తప్పులు పుట్టవు.

ఇక సంభాషణ. దానికి ఫరీదాబాద్ మీదుగా వెళ్లే ఢిల్లీ మెట్రో వయొలెట్ లైన్ పటం ఉంటే చాలు. ‘బాటా చౌక్ తర్వాత ఏ స్టేషన్?’ ‘ఎస్కార్ట్స్ ముజేసర్.’ ‘ఓల్డ్ ఫరీదాబాద్ ముందా, వెనకా?’ పేర్లు తెలిసినవే కాబట్టి పిల్లల ధ్యాసంతా తర్వాత, ముందు, వెనక అనే మాటల మీదే ఉంటుంది. కొందరు ప్రయాణికులు, కొందరు స్టేషన్ సిబ్బంది. కాసేపయ్యాక పాత్రలు మారతాయి, టీచరు గొంతు తగ్గుతుంది.

చివరి ఐదు నిమిషాలు పరీక్ష కోసం కాదు, మర్నాటి పాఠం కోసం. ఎవరు ఏ మాట దగ్గర ఆగారో రాసుకుంటే రేపటి మొదటి ఆట అక్కడే దొరుకుతుంది. నెలల సాధనను బయట సరిచూసుకోవడానికి ఫిబ్రవరిలో ఫరీదాబాద్‌లోనే జరిగే సూరజ్‌కుండ్ చేతివృత్తుల మేళా ఉండనే ఉంది. 2016లో దానికి థీమ్ రాష్ట్రం తెలంగాణే. అక్కడ తెలుగు చేనేత దుకాణం కనిపిస్తే ‘ఇదెంతండీ? కొంచెం తగ్గించండి’ అని పిల్లలే బేరం మొదలుపెట్టొచ్చు.